మోకాలు చెప్పిన వయసు

శ్రావణ శుద్ధ తదియ

దివిగట్టు చేరాను. ఇక్కడ తేదీలు ఎవరూ వాడరు. సముద్రం పోటూ పాటూ తిథిని బట్టి వస్తాయి కనుక మనుషులు కూడా తిథినే పట్టుకున్నారు. నేనూ అలాగే రాస్తాను.

నాకిచ్చిన గది ఆస్పత్రి పై అంతస్తులో ఉంది. కిటికీలోంచి వరిమళ్లు, వాటిని కాచే లోపలి గట్టు, దానికి అవతల బురదనీళ్లు, ఆ చివర సముద్రానికి అడ్డంగా బయటి గట్టు కనిపిస్తాయి. నాకు ముందు ఇక్కడ పనిచేసిన డాక్టరు పోయిన వేసవిలో జ్వరంతో పోయాడు. ఆయన గొడుగు ఇంకా గోడ మేకుకు వేలాడుతోంది. తీయమని అడగబుద్ధి కాలేదు.

ఎక్స్‌రే మిషను నడిపేది ఇస్మాయిల్ గారు. అరవైకి దగ్గరపడ్డ మనిషి. మబ్బు పట్టని పూట మాత్రమే మిషను పనిచేస్తుందట. ఎలా ఉందో చూద్దామని ముందు నా మోకాలే పెట్టాను. ఫిల్ము ఆరాక ఆయన దాన్ని వెలుతురుకు ఎత్తి పట్టుకుని, "ఇదెవరిదండీ, బాగా అరిగిపోయింది?" అన్నారు.

"నాదేనండి."

ఆయన నాలుక కరుచుకున్నారు. అందులో ఆయన తప్పేం లేదు. ఎముకల అంచులు మొనదేరాయి. మధ్యలో ఉండాల్సిన ఖాళీ లోపలి వైపు దాదాపు పోయింది. ఎముక అల్లిక పాత గోనెపట్టాలా పలచబడింది. యాభై ఎనిమిదేళ్ల ఆడదాని మోకాలు చాలామందికి ఇలాగే ఉంటుంది. నెలసరి ఆగాక ఎముక తొందరగా గుల్లబారుతుంది. అదే వయసు మగవాడిది ఇంకొన్నాళ్లు గట్టిగా నిలుస్తుంది.

కానీ ఇక్కడ నా పని ముసలి మోకాళ్లతో కాదు. మునిగిపోయిన లంకల నుంచి పడవల మీద వచ్చే పిల్లలకు పుట్టిన తేదీ రాసిన కాగితం ఉండదు. పద్దెనిమిది దాటినవాళ్లు బయటి గట్టు పనికి వెళ్లాలి. దాటనివాళ్లు లోపల బడిలో ఉంటారు. ఎవరు దాటారో, ఎవరు దాటలేదో మోకాలు చెప్పాలి. పిల్లల తొడ ఎముక కింది చివరా, కాలి ఎముక పై చివరా ఒక సందు ఉంటుంది. ఎముక పొడవు పెరిగేది అక్కడే. ఫిల్ములో అది నల్లటి గీతలా కనబడుతుంది. ఎదగడం పూర్తయ్యాక ఆ సందు మూసుకుపోతుంది.

"సందు ఉంటే బడి, మూసుకుంటే గట్టు," అన్నారు ఇస్మాయిల్ గారు, నా ఫిల్మును కవరులో పెడుతూ. "ఇక్కడ పసిపిల్లలకి కూడా ఆ మాట తెలుసండి."

శుద్ధ షష్ఠి

పొద్దున్నే మార్తమ్మ అనే ఆమె కూతుర్ని తీసుకుని వచ్చింది. కూతురి పేరు కృప. తల్లికన్నా పొడుగు. జడ కొస నోట్లో పెట్టుకుని నములుతూ నిలబడింది. పిలుపు వచ్చింది కనుక తెచ్చానని, లేకపోతే తెచ్చేదాన్ని కాదని మార్తమ్మ ముందే చెప్పింది.

ఫిల్ము తీశాం. సందు మూసుకోవడానికి వెంట్రుకవాసి మిగిలింది. గోడకు తగిలించిన నమూనా ఫిల్ముల పక్కన పెడితే అది పద్దెనిమిది అని రాసినదానికే సరిపోయింది.

"ఎన్నేళ్లమ్మా పాపకి?"

"పద్నాలుగు. క్రిస్మస్‌కి పదిహేను నిండుతాయి. మా లంకలో చర్చి గంట ఊడిపడిన క్రిస్మస్‌కే ఇది పుట్టింది. గంట దబ్బుమని పడేసరికి మంత్రసాని నన్నొదిలేసి బయటికి పరిగెత్తింది. నేను మర్చిపోతానా?" అంది మార్తమ్మ. గొంతు పెంచలేదు. ఎన్నోసార్లు చెప్పి అరిగిపోయిన మాటలా చెప్పింది. "దీవెనప్పుడు కూడా ఇలాగే చెప్పా డాక్టరమ్మా. దానికి పదిహేనండీ, పదిహేనండీ అని ఈ గుమ్మంలో నిలబడి మొత్తుకున్నా. ఆ డాక్టరుగారు ఫిల్ము చూపించి, మోకాలు అబద్ధం చెప్పదమ్మా అన్నాడు."

దీవెన ఆమె పెద్ద కూతురట. బయటి గట్టు మొదలు దగ్గర బురదలో మోకాళ్లూని బస్తాలు పేరుస్తుంటే పోటు ముందే వచ్చింది. కాళ్లు కూరుకుపోయి లేవలేకపోయింది. ఒళ్లు దొరకలేదు.

కృప జడ కొస వదిలి, "అక్క మోకాలి ఫొటో ఇక్కడే ఉందా అండీ?" అని అడిగింది.

ఉందో లేదో నాకు తెలియదన్నాను. ఫిల్ము ఇంకోసారి చూడాలని, పౌర్ణమి లోపు చెబుతానని పంపేశాను. గట్టుకు మనుషుల్ని ఎక్కించుకునే పెద్ద పడవ పౌర్ణమి పోటుకే కదులుతుంది, అమావాస్య పోటుకు తిరిగి వస్తుంది.

శుద్ధ సప్తమి

నమూనా ఫిల్ములను గోడ నుంచి తీసి, ఒక్కొక్కటీ కిటికీ దగ్గర పట్టుకుని చూశాను. అన్నీ వెడల్పాటి ఎముకలు. మోకాలి చిప్పలు పెద్దవి. పద్నాలుగు అని రాసినదానిలో సందు బార్లా తెరిచి ఉంది. పదహారు అన్నదానిలో కూడా ఇంకా మూసుకోలేదు.

"ఇవెక్కడివండీ?" అని ఇస్మాయిల్ గారిని అడిగాను.

"పాత టౌను ఆస్పత్రి మునిగినప్పుడు నేనే పడవేసుకుని పోయి తెచ్చానండి. రెండు పెట్టెలు. ఒకటే దక్కింది."

"దక్కింది మగపిల్లల పెట్టెనండి."

ఆయనకు అర్థం కాలేదు. నేను చదువుకున్నది చెప్పాను. ఆడపిల్లల ఎముక మగపిల్లల కన్నా రెండు మూడేళ్లు ముందే ఎదిగి ఆగిపోతుంది. పద్నాలుగు, పదిహేనేళ్లకే సందు మూసుకుపోవచ్చు. వాళ్ల తొడ ఎముక చివర సన్నగా ఉంటుంది, చిప్ప చిన్నది. ఆడపిల్ల మోకాలిని మగపిల్లవాడి మోకాలి పక్కన పెట్టి చూస్తే, ఆమెకు లేని ఏళ్లు ఆమె మీద పడతాయి.

ఇస్మాయిల్ గారు స్టూలు మీద కూర్చున్నారు. "మునిగిన పెట్టె నీలం రంగుదండి. చేతికి అందినట్టే అంది జారిపోయింది," అన్నారు.

గది మూలలో ఇనుప అల్మరా ఉంది. దాని మీద 'మూసుకున్నవి' అని రాసి ఉంది. ఉప్పుగాలికి తలుపు వంకరపోయి, ఎన్నిసార్లు వేసినా దానంతట అదే తెరుచుకుంటుంది. ఇవాళ తలుపు వేయకుండా లోపల వెతికాను. దీవెన ఫిల్ము దొరికింది. సందు ఉండాల్సిన చోట సన్నని తెల్లటి మచ్చ మాత్రం ఉంది, అప్పుడే మాని ఇంకా పచ్చిగా ఉన్న గాయంలా. నిండా ఎదిగి ఏళ్లు గడిచిన మోకాలు కాదది.

దానితోపాటు ఇంకా చాలామంది ఆడపిల్లల ఫిల్ములు ఉన్నాయి. తడికి ఒకదానికొకటి అంటుకుపోయాయి. విడదీస్తుంటే చిన్నగా ఊపిరి పీల్చినట్టు చప్పుడైంది. ఇస్మాయిల్ గారు లేచి బయటికి వెళ్లిపోయారు.

శుద్ధ అష్టమి

గట్టు అధికారి సీతాపతి గారిని కలిశాను. ఎడమచేతికి రెండు వేళ్లు లేవు. గట్టు కట్టిన మొదటి ఏడాది ఇనుప తాడు కింద పడి పోయాయట. నేను చెప్పింది మధ్యలో అడ్డు రాకుండా విన్నారు.

"ఇది మీరెక్కడ చదివారు?"

"వైద్య కళాశాలలో. పుస్తకంలో."

"ఆ పుస్తకం ఉందా?"

"లేదండి. అన్నిటితోపాటే పోయింది."

"మార్తమ్మ కూడా గంట పడిందంటుంది. ఆ గంటా లేదు, చర్చీ లేదు, ఆ లంకా లేదు." ఆయన గొంతులో వెటకారం లేదు. "డాక్టరు గారూ, నాకు మీమీద కోపం లేదు. పిల్లని పంపబుద్ధి కాక తల్లులు వయసు తగ్గించి చెప్తారు. నేనైనా అదే చెప్తా. జ్ఞాపకాల మీద గట్టు నడపలేను. ఆ గట్టు తెగితే బడిలో ఉన్నవాళ్లూ ఉండరు. మీరు చెప్పేది నిజమే కావచ్చు. మాట కాదు, చూపించండి."

నా చదువు, మార్తమ్మ జ్ఞాపకం ఒకే తక్కెడలో పడ్డాయి. రెండూ తూగలేదు.

శుద్ధ దశమి

పాటు చూసుకుని చిన్న పడవలో బయటి గట్టుకు వెళ్లాను. పనిచేసేవాళ్ల కాళ్లు చూడాలన్న మిషతో.

నీళ్లు తీసేశాక గట్టు మొదలు దగ్గర బురద నల్లగా మెరుస్తోంది. ఇవాళ పని ఉత్తరం వైపు సాగుతోంది. దక్షిణం వైపు దిగి నాలుగు రోజులైందన్నారు. అయినా ఆ వైపు బురదలో గుంటలు ఉన్నాయి. జతలు జతలుగా, పక్కపక్కనే రెండేసి, గట్టు వైపు తిరిగి. మోకాళ్లూని కూర్చుంటే పడే గుంటలు.

నాంచారి అనే అమ్మాయి నాకు దారి చూపించడానికి వచ్చింది. పల్చటి మొహం, పెద్ద చేతులు, మగవాడి చొక్కా. ఏ లంక నుంచి వచ్చిందో తప్ప తన గురించి ఇంకేం చెప్పలేదు.

"ఇటు ఎవరూ దిగలేదన్నారుగా?" అన్నాను.

"దిగలేదండి."

"పోటుకి ఇవన్నీ చెరిగిపోవాలి కదా?"

"చెరుగుతాయండి. మళ్లీ వస్తాయి." తినే గిన్నె గురించి చెప్పినట్టు చెప్పింది. "మావాళ్లేనండి. దీవెన ఆ చివర ఉంటుంది. అది మొదట్నుంచీ చివరే కూర్చునేది."

ఉంటుంది అంది. ఉండేది అనలేదు.

పీతలు తవ్వి ఉంటాయి. బురదలోంచి గాలి బుడగలు లేచి ఉంటాయి. ఇలాంటివి నాలో నేను అనుకుంటూ వంగి ఒక గుంటలో అరచెయ్యి పెట్టాను. గుంట సరిగ్గా నా అరచెయ్యంతే ఉంది. చిన్న మోకాలి చిప్ప దిగిన గుంట. లేచి చూసేసరికి దాని పక్కన ఇంకో జత ఉంది. అంతకుముందు లేదా, ఉన్నా నేను చూడలేదా, ఇప్పటికీ చెప్పలేను.

తిరుగు పడవలో నా చెయ్యి ఎంత కడిగినా చల్లగానే ఉంది.

శుద్ధ ద్వాదశి

"ఇక్కడే పుట్టి, పుట్టిన రోజు ఊరందరికీ తెలిసిన ఆడపిల్ల ఎవరైనా ఉన్నారా?" అని ఇస్మాయిల్ గారిని అడిగాను. "పదిహేను, పదహారేళ్లది."

గట్టు కట్టి పదహారేళ్లే అయింది. లోపల పుట్టినవాళ్లందరూ అంతకన్నా చిన్నవాళ్లే. వాళ్ల వయసు అందరికీ తెలుసు కనుక ఎవరి మోకాలి ఫిల్మూ ఎప్పుడూ తీయలేదు.

ఇస్మాయిల్ గారు వేళ్ల మీద లెక్కేసుకున్నారు. "ఒక్కతుందండి. లోపలి నీళ్లు తోడే మొదటి పంపు తిరిగిన రోజే పుట్టింది. పంపు తిరిగినందుకో, పిల్ల పుట్టినందుకో, ఆ రోజు ఊరంతా బెల్లం పంచారు. నేనూ తిన్నా. దసరాకి పదహారు నిండుతాయి."

"ఎవరి పిల్ల?"

"మృణాళిని. సీతాపతి గారి పిల్లండి."

సాయంత్రం వాళ్లింటికి వెళ్లాను. సీతాపతి గారు వరండాలో కూర్చుని వల బాగుచేస్తున్నారు. లోపల ఆ పిల్ల ఏదో పాఠం పైకి చదువుతోంది. నేను అడిగింది విని ఆయన చేతిలోని దారం కింద పెట్టారు.

"మూసుకోకుండా ఉంటే?"

"అప్పుడు నేను చెప్పింది తప్పు. కృపని పౌర్ణమి పడవెక్కిస్తాను."

"మూసుకుని ఉంటే?"

లోపల చదువు ఆగిపోయింది. ఆ పిల్ల గడపలోకి వచ్చి, "నేను వస్తాను నాన్నా," అంది. ఆయన కూతురి మొహం కాదు, పావడా కింద కాళ్లు చూశారు. ఎప్పుడూ చూడనట్టు చూశారు.

శుద్ధ చతుర్దశి

మబ్బు లేదు. మృణాళినితో పాటు ఇంకో ముగ్గురు పిల్లలకు కూడా ఫిల్ములు తీసి, పేర్లు లేకుండా కలిపేశాను. ఏది ఎవరిదో నాకు మాత్రమే తెలుసు. ఇస్మాయిల్ గారిని పిలిచి, ఎప్పటిలాగే నమూనాల పక్కన పెట్టి చదవమన్నాను. సీతాపతి గారు తలుపు పక్కన నిలబడ్డారు.

"ఇది పన్నెండు, బడి," అన్నారు ఇస్మాయిల్ గారు. "ఇది పద్నాలుగు, బడి. ఇదీ బడేనండి." నాలుగోది ఎత్తి వెలుతురులో అటూ ఇటూ తిప్పారు. "దీంట్లో సందే లేదండి. పద్దెనిమిది దాటి చాన్నాళ్లయింది. గట్టుకి."

అని వెనక్కి తిరిగి మా మొహాలు చూశారు.

సీతాపతి గారు వచ్చి ఆ ఫిల్మును తన చేతిలోకి తీసుకున్నారు. మూడు వేళ్ల చెయ్యి, ఐదు వేళ్ల చెయ్యి, రెంటితో అంచులు పట్టుకుని కిటికీకేసి ఎత్తారు. కూతురు బయట బల్ల మీద కూర్చుని కాళ్లూపుతోంది. ఆ చెప్పుల చప్పుడు లోపలికి వినబడుతూనే ఉంది.

"ఆ రోజు నేను పంపు దగ్గరే ఉన్నా," అన్నారాయన. "ఎవరో పరిగెత్తుకొచ్చి ఆడపిల్ల అన్నారు. ఒంటి నిండా నూనె. అలాగే వెళ్లి ఎత్తుకున్నా." ఫిల్మును కిందికి దించి, "కాగితం మీద రాయకపోయినా నాకు గుర్తుంది," అన్నారు.

మూలలో అల్మరా తలుపు కిర్రుమని తెరుచుకుంది. ముగ్గురం అటు చూశాం. ఎవరూ మూయడానికి కదల్లేదు.

పౌర్ణమి

పెద్ద పడవ ఇవాళ మగపిల్లలతో మాత్రమే కదిలింది. ఆడపిల్లల మోకాలు చూసి గట్టుకు పంపకూడదని, ఇప్పటికే పంపినవాళ్లను వచ్చే అమావాస్య పోటుకు వెనక్కి తేవాలని సీతాపతి గారు రేవులో నిలబడి చెప్పారు. ఆడపిల్లల వయసుకు తల్లి మాటే ఆధారం, తల్లి లేకపోతే డాక్టరు రాసినదే చెల్లుతుంది.

ఆ మాట మార్తమ్మకు నేనే వెళ్లి చెప్పాను. కృప నన్ను చూడగానే తల్లి వెనక్కి జరిగింది. మార్తమ్మ నవ్వలేదు, ఏడవలేదు. గడప మీద కూలబడింది.

"అయితే నేను చెప్పింది నిజమేనన్నమాట," అంది. "నాకే అనుమానం వచ్చేసింది డాక్టరమ్మా. అందరూ అలా అంటుంటే, నేనే తప్పు లెక్కేసుకున్నానేమో, దీవెనకి నిజంగానే పద్దెనిమిదేమో అనుకున్నా. పెద్దదే కదా, పనికి పోయింది, పోయింది అని సర్దుకున్నా. ఇప్పుడు మళ్లీ దానికి పదిహేనే. ఇప్పుడు మళ్లీ మొదట్నుంచీ ఏడవాలి."

నేను పక్కన కూర్చోబోతే నా మోకాళ్లు వంగలేదు. గోడ పట్టుకుని నిలబడే ఉన్నాను.

తిరిగి వస్తుంటే సీతాపతి గారు లోపలి గట్టు మీద ఎదురయ్యారు. కాసేపు పక్కన నడిచారు.

"ఆ దక్షిణం వైపు బురదలో మీకేమన్నా కనిపించిందా?"

"కనిపించిందండి."

"నాకు రెండేళ్ల నుంచీ కనిపిస్తోంది. పీతలని చెప్పా మావాళ్లకి. నాకూ అదే చెప్పుకున్నా." వెనక్కి తిరిగి వెళ్లిపోయారు.

అమావాస్య

ఆడపిల్లలు వచ్చారు. రేవులో తల్లులు ఉన్నవాళ్లను తల్లులు పట్టుకుపోయారు. కొందరు తల్లులకు పట్టుకోవడానికి ఎవరూ లేరు. వాళ్లు కూడా వచ్చి నిలబడ్డారు. మార్తమ్మ కూడా వచ్చింది. పడవ ఖాళీ అయ్యేదాకా చూసి వెళ్లింది.

మధ్యాహ్నం ఒక్కొక్కరి మోకాళ్లూ చూశాను. చిప్పల మీద చర్మం మడమలా మొద్దుబారింది. నీరు పట్టి వాచాయి. ఫిల్ములు చూస్తే, ఎదగడం ఆగిన తెల్లటి మచ్చ ఇంకా పచ్చిగా ఉంది, దాని కిందనే ఎముక అంచులు నావాటిలా మొనదేరడం మొదలుపెట్టాయి. చిన్నపిల్లా ముసలామే ఒకే కీలులో ఇరుక్కుని ఉన్నారు. మధ్యలో ఉండాల్సిన వయసులు ఎటు పోయాయో ఏ ఫిల్ములోనూ కనిపించదు.

చివర్లో నాంచారి వచ్చింది. కుర్చీలో కూర్చోమంటే నేల మీద కూర్చుంది.

"మేమంతా వచ్చేశాం. అక్కడ వాళ్లకి తోడెవరుంటారండీ?" అంది ముందు. కాగితం మీద ఆమె పేరు రాసి అడిగాను.

"నీ వయసెంతో మీవాళ్లు ఎప్పుడైనా చెప్పారా?"

"మావాళ్లెవరూ పడవెక్కలేదండి."

ఆమె మోకాలు పూర్తిగా మూసుకుంది. మచ్చ కూడా దాదాపు మాసిపోయింది. పదిహేడు కావచ్చు, ఇరవై కావచ్చు. ఒకసారి మూసుకున్నాక మోకాలు ఇంకేం చెప్పదు. ఆ మాటే ఆమెతో అన్నాను.

"అయితే మీకూ తెలీదా?"

"తెలీదమ్మా."

ఆమె తన చేతులు చూసుకుంది. "నీళ్లొచ్చేటప్పటికి మా బళ్లో భిన్నాలు అవుతున్నాయండి. నాకు పన్నెండని పంతులుగారు అన్నారు. అది గుర్తుంది. తర్వాతవి ఎవరూ చెప్పలేదు." తలెత్తి, "పన్నెండు రాయండి," అంది.

"నువ్వు పన్నెండేళ్ల పిల్లవి కాదు."

"కాదండి. కానీ అక్కడే ఆగిపోయింది. అక్కణ్ణుంచి మొదలెడతా."

కలం తీసుకున్నాను. పన్నెండేళ్ల మోకాలు ఎలా ఉంటుందో నాకు తెలుసు. సందు బార్లా తెరుచుకుని ఉంటుంది. పద్దెనిమిది వచ్చేదాకా ఆరేళ్లు ఉంటాయి. ఆరేళ్లు బడి, వేడి అన్నం, పొడి నేల.

పన్నెండు అని రాశాను.

కాగితం తీసుకుని ఇద్దరం సీతాపతి గారి దగ్గరికి వెళ్లాం. ఆయన చదివి, బల్లకు అవతల నిలబడిన నాంచారిని చూశారు. ఆమె ఆయన కన్నా వేలెడు పొడుగు.

"పన్నెండేనా?"

"మోకాలు అలాగే చెప్తోందండి," అన్నాను.

ఆయన నా వైపు చూడలేదు. ఆమెనే చూస్తున్నారు, మొద్దుబారిన ఆ పెద్ద చేతులను, మగవాడి చొక్కాను. ఆయనకు మోకాళ్ల సంగతి ఇప్పుడు నాకు తెలిసినంతా తెలుసు. కలం తీసుకుని మెల్లగా, పూర్తి పేరుతో సంతకం పెట్టారు.

"బడి ఎటో తెలుసా అమ్మా?"

"తెలీదండి."

ఆయన కుర్చీ వెనక్కి జరిపారు. "రా, చూపిస్తా," అని లేచారు.